ట్యాంకు మీద వరిగడ్డి గీతలు

పోయిన వారం ప్రవల్లికను మామిడికాయ మాగబెట్టే గది గుమ్మంలో నిలబెట్టి వచ్చేశాం. ఏం చేస్తాం, పేజీ అయిపోయింది. పాపం, వారం రోజులుగా అక్కడే నిలబడి ఉంది. చేతిలో తాళంచెవి, ఎదురుగా దూలానికి ఖాళీ కొక్కెం. ముందురోజు మధ్యాహ్నం దాకా ఆ కొక్కేనికి ఒక మోటారు సైకిలు పెట్రోలు ట్యాంకు వేలాడుతూ ఉండేది. మెరూన్ రంగు మూడు పూతలు పడి, అంచున బంగారు గీత దిద్దుకుని, ఎవరూ ముట్టుకోకుండా ఆరుతున్న ట్యాంకు. ఇప్పుడు లేదు.

ఈ కథలోకి ఇవాళే అడుగుపెట్టినవాళ్లకి నాలుగు మాటలు చెప్పి ముందుకెళ్తాను. విస్సన్నపేట రోడ్డులో పద్దెనిమిదెకరాల మామిడితోట. దాన్ని పెంచిన బసవపున్నారావు గారు పోయి రెండేళ్లు దాటింది. ఆయనకో పాత బీఎస్ఏ మోటారు సైకిలు ఉండేది. ఇంగ్లండులో పుట్టి, ఎన్ని చేతులు మారిందో గాని చివరికి నూజివీడు చేరిన బండి. ఏటా తొలి కోత రోజున ఆయన దాని మీద ముందు వెళ్లేవాడు, వెనక ట్రాక్టరులో కాయ వచ్చేది. ఆ చప్పుడు వినగానే మార్కెట్లో కమీషన్ వ్యాపారులు కుర్చీల్లోంచి లేచేవాళ్లు. లోడు ముందు బండి మీద ఎవరొస్తే ఆ ఏడు తోట మాట వాళ్లదే. పాతికేళ్ల కిందట బండి ఆగిపోయి షెడ్డు మూలన పడింది గాని, ఆ పద్ధతి మాత్రం ఊళ్లో ఎవరూ మర్చిపోలేదు.

ఆయన కొడుకు రవికిరణ్‌కి టౌన్లో ఎరువుల కొట్టు ఉంది. ఈ సీజను కాగానే చెట్లన్నీ కొట్టించి ఆయిల్‌పామ్ వేయించాలని అతని పట్టుదల. కూతురు ప్రవల్లిక విడాకుల కాయితం పట్టుకుని పుట్టింటికొచ్చిన ఏడాదే తండ్రికి పక్షవాతం వచ్చింది. అప్పట్నుంచి, అంటే పదకొండేళ్లుగా, తోట చూస్తున్నది ఆమే. చెట్టు మీద గొడ్డలి పడడానికి వీల్లేదని ఆమె పంతం. నిరుడు తండ్రి ఆబ్దికం భోజనాల దగ్గర ఇద్దరికీ మాటామాటా పెరిగింది. "షెడ్డులో ఆ ఇనుప సామానుంది చూడు, అది తీసుకో నీ వాటాకి. ఆ బండి కదిలి, లోడు ముందు నువ్వు మార్కెట్‌కి వెళ్తే తోట జోలికి నేను రాను" అన్నాడు రవికిరణ్, విస్తళ్ల ముందు బంధువులంతా ఉండగానే. అందరూ నవ్వారు. ప్రవల్లిక నవ్వలేదు. మర్నాడే పానా పట్టుకుంది.

ఎనిమిది నెలలైంది. తుప్పు గీకింది, ఎమరీ కాగితంతో అరిచేతులు అరగదీసుకుంది, ఫ్రేముకీ మడ్‌గార్డులకీ నల్లరంగు వేసింది. ఏప్రిల్లో మా వైపు దుమ్ము సంగతి తెలిసిందే కదా, ఉదయం తుడిచిన అరుగు మీద మధ్యాహ్నానికి పేరు రాసుకోవచ్చు. అందుకని సీజను మొదలయ్యేదాకా ఖాళీగా ఉండే మాగబెట్టే గదిని కడిగి, ఫ్యాను పెట్టి, పెయింటింగ్ గది చేసుకుంది. చిన్నప్పుడు పండ్ల పెట్టెల మీద తండ్రి మార్కా అక్షరాలు రాసీ రాసీ తిరిగిన చెయ్యి కాబట్టి, బంగారు గీత ఒక్క వణుకు లేకుండా వచ్చింది. ఇప్పుడు బండి ప్యాకింగ్ షెడ్డులో రెండు చక్రాల మీద నిలబడి ఉంది. ట్యాంకు ఒక్కటే ఎక్కాలి. తెల్లారితే తొలి కోత.

సరే, ఇక గుమ్మంలోకి వద్దాం.

తాళం పగల్లేదు. ప్రవల్లిక దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది, గీత కూడా లేదు. ఆ గదికి ఉన్నవి రెండే తాళంచెవులు. ఒకటి వంటింట్లో మేకుకి ఉంటుంది, ఇప్పుడు ఆమె చేతిలో ఉన్నది అదే. రెండోది రవికిరణ్ దగ్గర. వాకిట్లో చూస్తే కారు టైర్ల అచ్చులు స్పష్టంగా ఉన్నాయి. ముందురోజు మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా తను విస్సన్నపేటలో కోత కూలీలను మాట్లాడుకుంటూ ఉండిపోయింది. ఇంకేం ఆలోచించాలి? అరికాలి మంట నెత్తికెక్కింది. అమ్మకి చెప్పాలన్న ధ్యాస కూడా లేకుండా స్కూటీ తీసింది.

కొట్లో అప్పటికే ఏడెనిమిది మంది రైతులున్నారు. రవికిరణ్ కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, ఎవరికో మందు డబ్బా మీద ఉన్నది చదివి చెబుతున్నాడు. చెల్లెల్ని చూసి కూర్చోమని స్టూలు జరిపాడు. ఆమె కూర్చోలేదు. ట్యాంకు ఎక్కడ పెట్టావని నిలబడే అడిగింది. లోపలికి రా, టీ తాగుతూ మాట్లాడుకుందాం అన్నాడతను. ఇక్కడే మాట్లాడతానంది ఆమె.

"ఆబ్దికం రోజున అందరి ముందూ మాటిచ్చావు కదన్నయ్యా. దొంగతనం మాత్రం చాటుగా చేస్తావా?"

మందు కొనడానికి వచ్చినవాళ్లు డబ్బాల మీద అక్షరాలు చదవడం మొదలుపెట్టారు, చదువు రానివాళ్లతో సహా. రవికిరణ్ మొహం ఎర్రబడింది. కాని, నిజం చెప్పాలంటే మనిషి అబద్ధాలకోరు కాదు. మొండివాడు, అంతే. కౌంటరు దాటి ఇవతలికొచ్చాడు.

"తీసుకెళ్దామనే వచ్చాను. కాదనను. నిన్న సాయంత్రం ఐదింటికి వచ్చి తలుపు తీశాను. అప్పటికే అక్కడ కొక్కెం తప్ప ఏం లేదు. నువ్వే దాచావనుకుని వెళ్లిపోయాను."

ప్రవల్లిక అతని కళ్లలోకి చూసింది. చిన్నప్పటి నుంచి తెలిసిన కళ్లు. అబద్ధం చెబితే ఎడమ కన్ను ముందు కిందికి దిగుతుంది. ఇప్పుడు దిగలేదు. అన్నయ్య దగ్గరుంటే పోట్లాడి తెచ్చుకోవచ్చు. అసలు ఎవరి దగ్గరుందో తెలియకపోతే ఎవరితో పోట్లాడాలి?

రవికిరణ్ గొంతు తగ్గించాడు. ఇదంతా తన మీద కోపంతో చేస్తున్నావని, మూడేళ్లుగా పూత నిలవడం లేదని తనకంటే నీకే బాగా తెలుసని, ఈ పంతాలు మానేయమని నచ్చజెప్పబోయాడు. చివరికి, తెల్లారేలోగా ఇంకో ట్యాంకు ఎక్కడ తెస్తావని నవ్వాడు. ఆ నవ్వు ఒక్కటీ లేకపోతే ప్రవల్లిక బహుశా అక్కడే కూలబడి ఏడ్చి ఉండేది.

"ట్యాంకు లేకపోతే సీసాలో పెట్రోలు పోసి మెళ్లో వేలాడేసుకుని వెళ్తాను" అంది. "ఇంజను నడవడానికి పెట్రోలు కావాలి గాని ట్యాంకు అక్కర్లేదు. రేపు తొమ్మిదింటికి మార్కెట్ దగ్గరికి వచ్చి చూడు."

అనేసి వచ్చేసింది. రైతుల్లో ఒక పెద్దాయన పక్కకి జరిగి తలుపు దాకా దారిచ్చాడు. ఆ మాట అనేటప్పుడు ఎంత ధైర్యంగా అందో, స్కూటీ మీద మూడు కిలోమీటర్లు వచ్చేసరికి అంత నీరసపడింది. సీసా మాట నిజమే, బండి నడుస్తుంది. కాని ట్యాంకు లేని బండి మీద, మెళ్లో సీసాతో, మార్కెట్లోకి వెళ్తే నవ్వుతారు. ఆ నవ్వే కదా అన్నయ్యకి కావలసింది.

షెడ్డులో బాలశౌరి బండి పక్కన గోనెపట్టా మీద సామాను పేర్చుకుని కూర్చున్నాడు. డెబ్భై ఏళ్లవాడు, చుట్టుపక్కల తోటలన్నిటికీ బోరు ఇంజన్లు బాగుచేసే మనిషి. బీఎస్ఏని నలభై ఏళ్ల కిందట దూరం నుంచి చూడడమే గాని చెయ్యి పెట్టింది లేదు. ఈ ఎనిమిది నెలలూ ప్రవల్లికతో పాటు తనూ నేర్చుకున్నాడు. ట్యాంకు పోయిందన్న మాట వినగానే నెత్తిమీది తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. చావు కబురు విన్నప్పుడు తప్ప అతనా తువ్వాలు తియ్యడు.

అతనికి అవతల, షెడ్డు గోడ వారగా, ఒక పాత చెక్కపెట్టె మీద పుష్పవతమ్మ గారు కూర్చుని ఉంది. ప్రవల్లిక తల్లి. డెబ్భై రెండేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులు. మామూలుగా అయితే ఆ వేళకి వరండాలో వాలుకుర్చీలో ఉండాలి. పెట్టె మీద నిటారుగా, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టు కూర్చుని ఉంది.

"అమ్మా, అక్కడెందుకు కూర్చున్నావు? నడుం పట్టేస్తుంది, లే" అంది ప్రవల్లిక.

లేవనంది ఆవిడ. పొద్దున్నుంచీ ఇంతేనని, తను కుర్చీ తెస్తానన్నా వద్దన్నారని, కాఫీ కూడా ఇక్కడికే తెప్పించుకున్నారని బాలశౌరి చెప్పాడు. తల్లి నేల చూపులు చూస్తోంది. ప్రవల్లిక చూపు మెల్లిగా తల్లి మీద నుంచి పెట్టె మీదికి దిగింది. ప్లాస్టిక్ ట్రేలు వచ్చాక ఆ చెక్కపెట్టెలు ఎవరూ వాడడం లేదు. అది తండ్రి ప్రత్యేకంగా చేయించిన పెద్ద పెట్టె, చుట్టాలకి లారీ పార్సిల్లో రసాలు పంపడానికి. మూత అంచునుంచి రెండు వరిగడ్డి పోచలు బయటికి తొంగిచూస్తున్నాయి.

వంటింట్లో మేకుకున్న తాళంచెవి అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి. ఆ వంటింట్లో యాభై ఏళ్లుగా తిరుగుతున్నది ఎవరో కూడా గుర్తొచ్చింది.

"అమ్మా."

"మొన్న రవి ఫోన్ చేశాడు" అంది పుష్పవతమ్మ, తలెత్తకుండానే. ట్యాంకు రెండు రోజులు కొట్లో పెడతానని, అంతటితో చెల్లికి బుద్ధొస్తుందని, దానికి చెప్పొద్దని చెప్పాడట. సరేనందట ఆవిడ. కొడుకు అడిగినదానికి ఏనాడూ కాదనలేదు. కూతురు ఊళ్లో లేని సమయం చూసి, గది తాళం తీసి, పెద్ద పీట ఎక్కి కొక్కేన్నుంచి దింపిందట. మోకాళ్లు సహకరించకపోతే కొంగుతో నడుముకి కట్టుకుని మోసుకొచ్చిందట.

"నాకు చెప్పొచ్చు కదా" అంది ప్రవల్లిక.

"చెప్పనని వాడికి మాటిచ్చాను." ఆవిడ ఇప్పుడు తలెత్తింది. "దాచనని ఇవ్వలేదు."

బాలశౌరి ఒళ్లో తువ్వాలు తీసి మళ్లీ నెత్తికి చుట్టుకున్నాడు. ప్రవల్లిక తల్లిని రెండు చేతులతో పట్టి లేవదీసింది, మెడ చుట్టూ చేతులు వేసి కాసేపు వదల్లేదు. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని మూత తీసింది.

పుష్పవతమ్మ చేతి పనితనం ఊరందరికీ తెలుసు. ఆవిడ సర్దిన పెట్టెలో రసం హైదరాబాదు దాకా వెళ్లినా ఒక్క మచ్చ పడదు. అడుగున మందంగా వరిగడ్డి, పక్కల్లో చేత్తో నలిపి మెత్తబెట్టిన గడ్డి, మధ్యలో ట్యాంకు, పైన మళ్లీ గడ్డి, కదలకుండా కుక్కిపెట్టి. మామిడికాయని ముచ్చిక కిందికి పెట్టి సర్దుతారు కదా, సొన కాయ మీద కారకుండా. ఆవిడ ట్యాంకుని కూడా పెట్రోలు మూత కిందికి ఉండేలా బోర్లించి సర్దింది. ఇంత జాగ్రత్త ఏ షోరూములోనూ ఉండదు. ప్రవల్లికకి నవ్వొచ్చింది.

ట్యాంకు బయటికి తీసేదాకా నవ్వు ఉంది.

పాతకాలం నిగ్గు రావాలని ఆమె వేసింది నిదానంగా ఆరే ఎనామిల్ రంగు. పైకి ఆరినట్టే ఉంటుంది, లోపల మాత్రం ఇంకా పచ్చిగా, వేలి గోరుకి లొంగేంత మెత్తగా ఉంటుంది. ఐదు రోజులు గాలికి వేలాడాలని ఆమే లెక్క వేసుకుంది. మూడో రోజున తల్లి దాన్ని గడ్డిలో కుక్కింది. రాత్రంతా ఆ బరువుకి, ఆ వేడికి, గడ్డిపోచ గడ్డిపోచా రంగులో దిగిపోయింది. నున్నగా అద్దంలా ఉండాల్సిన మెరూన్ ఒంటి నిండా సన్నటి గీతలు, అడ్డంగా, ఏటవాలుగా, ఒకదాని మీద ఒకటి. బంగారు గీత మీద ఒక పోచ అతుక్కుని ఉంటే ప్రవల్లిక గోటితో లాగింది. కింద రంగు కూడా కాస్త లేచి వచ్చింది.

ఆమె ఏడ్చింది. చెప్పుకోవడానికి సిగ్గేముంది, భోరున ఏడ్చింది. తల్లిని అనకూడని మాటలు కూడా నాలుగు అనేసింది. నాశనం చేశావమ్మా అంది. నీ కొడుకు చెయ్యలేని పని నువ్వు చేశావంది. ఎనిమిది నెలల అరిచేతుల నొప్పి, మార్కెట్లో నవ్వబోయే మొహాలు, పొద్దున కొట్లో తను కొట్టిన గొప్పలు, అన్నీ కలిసి ఆ మాటల్లో బయటికొచ్చాయి. పుష్పవతమ్మ తన చేతులు తను చూసుకుంటూ నిలబడింది. పచ్చి రంగు సంగతి ఆవిడకేం తెలుసు? మెత్తగా ఉన్నదాన్ని గడ్డిలో పెట్టాలి, అదే ఆవిడకి తెలిసింది.

బాలశౌరి ట్యాంకుని వెలుతురులోకి పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. వాటర్ పేపర్ పెట్టి రుద్ది ఇంకో పూత వెయ్యొచ్చని, గీత ఒక్కటి మిగలదని, కాని ఆరడానికి మళ్లీ ఐదు రోజులు కావాలని చెప్పాడు. ఐదు రోజులు ఎక్కడున్నాయి, తెల్లారితే కోత. పోనీ కోత వాయిదా వేద్దామంటే, తొలి కోత రోజు మార్చితే ఓడిపోయినట్టే. అన్నయ్య అన్నది ఆ రోజు గురించే.

కళ్లు తుడుచుకుని ప్రవల్లిక ట్యాంకుని తన ఒళ్లోకి తీసుకుంది. వేళ్లతో గీతలు తడిమింది. ఒక చోట గీతలు లేవు. నాలుగు వేళ్ల వెడల్పున, ట్యాంకు పక్కన, చిన్న గుంటలు మాత్రం ఉన్నాయి. తన వేళ్లు పెట్టి చూసుకుంది. కుదర్లేదు, తనవి పొడుగు. అవి తల్లి వేళ్ల గుర్తులు. దింపేటప్పుడు జారబోతే గట్టిగా పట్టుకున్న చోటు. కొడుకు మాటకి ఏనాడూ ఎదురు చెప్పని మనిషి, మోకాళ్ల నొప్పులతో పీట ఎక్కి, నడుముకి కట్టుకుని, తన కోసం దీన్ని మోసింది. ఆ సంగతి ట్యాంకు మీద అచ్చుపడి ఉంది. దాన్ని ఎమరీ కాగితంతో రుద్దేయాలా?

"బాబాయ్, బోల్టులు అందుకోండి, ట్యాంకు బిగిద్దాం" అంది.

"గీతలు అమ్మాయిగారూ..."

"ఉండనీ. మా తోట బండికి గడ్డి గీతలు కాక ఇంకేం ఉంటాయి? నవ్వేవాళ్లని నవ్వనీ. అడిగినవాళ్లకి మా అమ్మ సర్దింది అని చెప్తాను."

పుష్పవతమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అన్న మాటలకి క్షమించమని ప్రవల్లిక పెద్దగా ఏం అడగలేదు. కుర్చీ తెచ్చి బండి పక్కన వేసి, తల్లిని అందులో కూర్చోబెట్టింది. ఆ ఇంట్లో క్షమాపణ అంటే అదే.

పైపు కన్నంలోంచి ట్యాంకు లోపలికి పోయిన గడ్డిని తీగతో లాగి, పెట్రోలు పోసి రెండుసార్లు గిలకరించి పారబోశారు. కింద రబ్బర్లు పెట్టి, నాలుగు బోల్టులూ సమానంగా బిగించారు, ఒక దాన్ని ఎక్కువ బిగిస్తే రేకు పగులుతుందని బాలశౌరి ఒక్కో చుట్టుకీ లెక్కపెట్టాడు. పెట్రోలు పైపు తగిలించారు. సీటు సర్దారు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి బండి బండిలా నిలబడింది. దూరం నుంచి చూస్తే మెరిసిపోతోంది. దగ్గరికొస్తే గీతలు.

కిక్కు కొట్టింది ప్రవల్లిక. దగ్గింది, ఆగింది. మళ్లీ కొట్టింది. మూడోసారి బలమంతా పెట్టి కొడితే కిక్కు రాడ్డు వెనక్కి తిరగబడి పిక్క మీద కొట్టింది. ప్రాణం పోయినంత పనైంది. బాలశౌరి ప్లగ్గు విప్పి చూశాడు, వైరు లాగి చూశాడు, దేనికీ లోపం లేదు. ఇద్దరూ మొహమొహాలు చూసుకుంటుంటే కుర్చీలోంచి పుష్పవతమ్మ మాట్లాడింది.

"ఎడమ చేతి దగ్గర చిన్న లివరుంది చూడు, అది వెనక్కి తిప్పవే. మీ నాన్న ముందు దాన్ని వెనక్కి తిప్పి కొట్టేవాడు. ఇంజను అందుకున్నాక ముందుకి తోసేవాడు."

"నీకెలా తెలుసమ్మా?"

"పాతికేళ్లు వరండాలో నిలబడి చూశాను. చూడ్డమేగా నా వంతు." ఆవిడ గొంతులో మొదటిసారి కోపం వినిపించింది. "పెళ్లైన కొత్తలో ఉంగుటూరు, మా పుట్టింటికి, దీని మీద తీసుకెళ్లమని అడిగాను. మన ఇంట్లో ఆడవాళ్లు బండెక్కరన్నాడు. మళ్లీ అడగలేదు."

ప్రవల్లిక లివరు వెనక్కి తిప్పింది. నొప్పి కాలితోనే కొట్టింది. పాతికేళ్ల తర్వాత ఆ తోటలో బీఎస్ఏ చప్పుడు లేచింది. చెట్ల మీద పిట్టలు ఎగిరిపోయాయి. పక్క తోటలో కాపలావాడు పరిగెత్తుకొచ్చి కంచె పట్టుకుని నిలబడ్డాడు. బాలశౌరి సిలువ గుర్తు వేసుకున్నాడు. పుష్పవతమ్మ మాత్రం కళ్లు మూసుకుని, తల ఊపుతూ, ఏదో సరిగ్గా ఉందో లేదో వింటున్నట్టు వింది. సరిగ్గానే ఉన్నట్టుంది, ఏం అనలేదు.

మర్నాడు వెలుగు రేఖ రాగానే కూలీలు చిక్కాలు కట్టిన గడలతో చెట్ల కింద చేరారు. ఎనిమిదిన్నర కల్లా ట్రాక్టరు ట్రక్కు నిండా ట్రేలు, రసాలు, పైన మామిడాకులు కప్పి. చుడీదార్ మీద తండ్రి పాత ఖాకీ చొక్కా తొడుక్కుని ప్రవల్లిక బండెక్కింది. భార్యని బండెక్కనివ్వని తండ్రే కాలేజీ రోజుల్లో కూతురికి పాత బుల్లెట్ మీద నేర్పిన విద్య, కాలు మర్చిపోలేదు. ముందు బీఎస్ఏ, వెనక ట్రాక్టరు, తోట దారి వెంట గేటు దాకా వచ్చాయి.

గేటు తీసే ఉంది. దానికి అడ్డంగా రవికిరణ్ తెల్ల కారు నిలబెట్టి ఉంది. ఆ తోటకి ఉన్నది అదొక్కటే దారి.

అతను కారుకి ఆనుకుని నిలబడ్డాడు. బండిని చూశాడు. చాలాసేపు చూశాడు. ఆ చప్పుడు అతనికీ చిన్నప్పటిదే కదా, మొహంలో ఏదో కదిలి సర్దుకుంది. బండి కదిలిందని ఒప్పుకున్నాడు. మార్కెట్‌కి వెళ్తే అని కూడా అన్నానని, అది ఇంకా కాలేదని గుర్తుచేశాడు. కారు తియ్యమంది ప్రవల్లిక. తియ్యనన్నాడు.

"ఈ చెట్లు నాన్నని తినేశాయే. పూత రాలినప్పుడల్లా సగం చచ్చాడు, చివరికి పక్షవాతంతో మంచాన పడ్డాడు. ఇప్పుడు నిన్ను తింటున్నాయి. పదకొండేళ్లు చూశాను. ఇంక చూడలేను. నువ్వు తిట్టుకో, ఊరంతా ఉమ్మెయ్యనీ, ఈ గేటు మాత్రం దాటనివ్వను."

ప్రవల్లిక అతనిది దురాశ అనుకుంది ఇన్నాళ్లూ. దురాశతో ఎలా పోట్లాడాలో ఆమెకి తెలుసు. ఇది ఎదురొస్తుందని అనుకోలేదు. హ్యాండిల్ మీద చేతులు కాస్త సడలాయి. వెనక ట్రాక్టరు డ్రైవరు ఇంజను ఆపేశాడు.

"నా చెట్లు నన్ను తింటే తిననీ అన్నయ్యా" అంది చివరికి. "ఆయిల్‌పామ్ తినదని రాసిస్తావా?"

అప్పుడు దారి వెంట అడుగుల చప్పుడైంది. పుష్పవతమ్మ వస్తోంది. ట్రంకుపెట్టె అడుగున ఏళ్లుగా దాచుకున్న జరీ అంచు వెంకటగిరి చీర కట్టుకుంది, చేతికర్ర మాత్రం ఇంట్లో వదిలేసింది. కొడుకు వైపు చూడలేదు. బండి వెనక సీటు దగ్గరికొచ్చి ఆగింది.

"కాలెక్కడ పెట్టాలే?" అని అడిగింది కూతుర్ని.

ప్రవల్లిక చూపించింది. ఆవిడ కూతురి భుజం పట్టుకుని, మోకాలి నొప్పికి పళ్లు బిగించి, పక్కకి తిరిగి కూర్చుంది. కొంగు చక్రంలో పడకుండా నడుముకి దోపుకుంది. యాభై ఏళ్ల కిందట అడిగి, కాదనిపించుకున్న చోట కూర్చుని చుట్టూ ఒకసారి చూసుకుంది.

"అమ్మా, దిగు" అన్నాడు రవికిరణ్. గొంతు చిన్నపిల్లాడిదైపోయింది. "పడతావు. దిగమ్మా."

"దిగను నాన్నా" అంది ఆవిడ. కొడుకుతో ఆవిడ అన్న మొదటి కాదు అది. అని, కూతురి భుజం మీద చెయ్యి బిగించింది. "పోనియ్యవే."

కారు ముందు బంపరుకీ గేటు స్తంభానికీ మధ్య సందుంది. బండి హ్యాండిల్ పట్టీపట్టనంత సందు, ట్రాక్టరు సంగతి తర్వాత. ప్రవల్లిక దాన్ని కొలిచినట్టు చూసి గేరు వేసింది. అది చూసి రవికిరణ్ ఒక్క గెంతులో కారులోకెక్కాడు. తలుపు పడింది. ఇంజను స్టార్టయింది.

కారు గేరు మారిన చప్పుడు వినిపించింది. ముందుకి వేశాడో, వెనక్కి వేశాడో ఆమెకి తెలియలేదు. ప్రవల్లిక క్లచ్ వదిలేసింది.